నవంబరులో నీళ్ళు ఎటు పోతాయి

సరోజమ్మ ఏడుపు విననివాళ్ళు తెలుగుదేశంలో తక్కువ. సరోజమ్మను చూసినవాళ్ళు మరీ తక్కువ. ఎనభైల్లో వచ్చిన సినిమాల్లో మొగుడు పోయిన పెళ్ళామో, కొడుకు పోయిన తల్లో గుండెలు బాదుకుని ఏడ్చిందంటే ఆ ఏడుపు చాలామటుకు ఆవిడదే. మొహం ఒకరిది, మాట ఒకరిది, ఏడుపు ఈవిడది. హీరోయిన్లకు మాటలు చెప్పే అమ్మాయిలు గొంతు పాడవుతుందని ఏడుపుల దగ్గర పక్కకు తప్పుకునేవాళ్ళు. అప్పుడు ఫిల్మ్ నగర్ గుట్ట కింద ఆవిడుండే గది ముందుకు డబ్బింగ్ థియేటరు మనిషి వచ్చి, "అమ్మా, మధ్యాహ్నం రెండు ఏడుపులున్నాయి" అని చెప్పి పోయేవాడు. తోటకూర రెండు కట్టలున్నాయని చెప్పినట్టే. తెర మీద ఆవిడ పేరు ఎప్పుడూ పడలేదు. ఏడ్చినవాళ్ళందరి పేర్లూ వెయ్యాలంటే ఏ సినిమాకైనా రీలు చాలదనుకోండి.

ఆ పనిలో ఆవిడకో సిద్ధాంతం ఉంది. కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా అడిగితే దాచుకోకుండా చెప్పేది.

"నిజంగా ఏడుపొస్తే ముందు ఊపిరి లోపలికి పోతుందమ్మా. లోపల పట్టక బయటికొస్తుంది. దొంగ ఏడుపు తిన్నగా బయటికే వస్తుంది. ఆ ఒక్క ఊపిరీ పట్టుకుంటే చాలు, ఇక నువ్వు కళ్ళు తుడుచుకోనక్కర్లేదు."

ఆవిడ మాత్రం ఏ ఏడుపులోనూ కళ్ళు తుడుచుకున్నది లేదు. ఏడ్చి వచ్చి, గ్లాసెడు మంచినీళ్ళు తాగి, చెప్పులేసుకుని నడిచి ఇంటికి పోయేది. ఇంటికి పోతే పలకరించేది పక్కవాటా కౌసల్య ఒక్కతే.

సరోజమ్మది గుడివాడ పక్క పల్లె. తండ్రి మిషను బడిలో వంటవాడు. చేపను కూరలో చూడడమే తప్ప నీళ్ళలో చూసిన ఇల్లు కాదు. అలాంటి పిల్లను పందొమ్మిదో ఏట నాగాయలంక అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లెపాలెంలో ఇన్నయ్యకిచ్చి చేశారు. అబ్బాయి కథోలిక పిల్లాడు, సొంత నావ ఉంది, తాగడు. ఇంకేం కావాలన్నారు. ఆ నావకు ముందుభాగంలో నీలంరంగు సిలువ, దాని కింద మరియమ్మ పేరు. ఇన్నయ్య మంచివాడే. కాకపోతే సరోజమ్మ ఏం మాట్లాడినా సముద్రంవైపు చూస్తూ వినేవాడు. జాలర్ల చూపే అంత కాబోలని సర్దుకుంది.

డెబ్బై రెండు నవంబరులో ఒక తెల్లవారుజామున వేటకని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. నెల ఆవిడకు బాగా గుర్తు. రెండో తారీకున ఆత్మల పండుగనాడు మొగుడూ పెళ్ళాం కలిసే వెళ్ళి మామగారి సమాధి మీద కొవ్వొత్తులు పెట్టొచ్చారు. ఆ తర్వాత పదకొండో రోజు ఇది. తుపాను లేదు, గాలివాన లేదు. మూడు వారాలకు భీమిలినుంచి అక్కడి ఫాదరు రాసిన ఉత్తరం వచ్చింది. నీలం సిలువ ఉన్న నావ ఒకటి ఇసుకలో ఖాళీగా దొరికిందనీ, తెడ్లు లోపలే ఉన్నాయనీ, వల మడతపెట్టి ఉందనీ, పేరును బట్టి వాకబు చేసి రాస్తున్నామనీ.

పాలెం పెద్దలు ఆ ఉత్తరం చదివించుకుని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అత్తగారు అన్నమ్మ లేచి నిలబడి, "సముద్రం తీసుకుపోయిందే నా బిడ్డని. ఖాళీ నావని నీళ్ళు అంతదూరం మోసుకుపోయినాయి" అని గట్టిగా చెప్పింది. ఆవిడ చెప్పాక ఎవరూ ఇంకో మాట అనలేదు. చర్చిలో పూజ పెట్టించారు. సరోజమ్మ మెళ్ళో తాళికున్న బంగారు సిలువను మరియమ్మ పాదాల దగ్గర పెట్టేశారు. ఆదివారం తొడుక్కునే తెల్లచొక్కా కొక్కేనికి లేదేమని సరోజమ్మ అడిగితే, వేసుకుపోయుంటాడంది అత్తగారు. వేటకు ఎవరైనా ఇస్త్రీచొక్కా వేసుకుపోతారా అని అప్పుడు తోచలేదు. ఇరవై రెండేళ్ళ పిల్లకు, మొగుడు పోయిన నెలలోనే, ఏం తోస్తుంది?

తరువాత శ్రీనగర్ కాలనీలో ఒక సినిమావాళ్ళింట్లో పిల్లల్ని చూసుకునే పని దొరికి హైదరాబాదు వచ్చింది. డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చి పాలెం పాలెమంతా తుడిచిపెట్టుకుపోయింది. అత్తగారు పోయింది, ఆ ఉత్తరం చదివినవాళ్ళు పోయారు, నావ పేరు తెలిసినవాళ్ళు పోయారు. ఇన్నయ్య ఒకడుండేవాడని తలుచుకునేది ఇక లోకంలో సరోజమ్మ ఒక్కతే. ఏటా నవంబరు రెండున క్రైస్తవుల శ్మశానానికి వెళ్ళి, పేరు చెరిగిపోయి ఎవరూ రాని సమాధి ఒకటి చూసుకుని, దానిమీద ఇన్నయ్యకు కొవ్వొత్తి పెట్టేది. సముద్రంలో పోయినవాడికి సొంత రాయి ఎక్కణ్ణుంచి వస్తుంది మరి.

తను పిల్లల్ని చూసుకునే ఇంటి యజమానురాలు ఒకసారి డబ్బింగుకు వెంట తీసుకెళ్ళింది. అక్కడ ఏడవాల్సిన అమ్మాయికి జలుబు చేసింది. అలా మొదలైంది ఆవిడ ఏడుపు.

ఆ థియేటరులో సౌండ్ చూసేది జేవియర్. తెనాలివాడు, భార్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. అద్దం అవతల చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుని పదేళ్ళుగా ఆవిడ ఏడుపులు వింటున్నాడు. ఆడదాని మొహం చూసి మనసుపడేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు, ఏడుపు విని మనసుపడ్డవాడు ఆ ఫిల్మ్ నగర్‌లోనే ఉంటాడు. ఎనభై అయిదులో ఒకసారి అడిగాడు, కాదంది. ఎనభై ఎనిమిదిలో మళ్ళీ అడిగాడు, నవ్వి ఊరుకుంది. ఎనభై తొమ్మిది క్రిస్మస్ పూజయ్యాక చర్చి బయట సైకిలు పట్టుకుని నిలబడి, "సరోజమ్మగారూ, ఒక్కళ్ళకి బియ్యం కడిగితే ఎసరు కుదరదండీ. నాకు రోజూ ముద్దయిపోతోంది" అన్నాడు. ఆ మాటకు ఆవిడకెందుకో నిజంగా నవ్వొచ్చింది. తనకూ రోజూ మాడిపోతోందని చెప్పింది. అంతే, ఒప్పుకున్నట్టే. ఇన్నయ్య సంగతీ, భీమిలిలో ఖాళీగా దొరికిన నావ సంగతీ ఆ రోజే అతనికి చెప్పేసింది.

కౌసల్య సంబరానికి అంతు లేదు. "మంచిగైందక్కా. గిన్నేండ్లు ఒక్కదానివే ఉన్నవ్, ఇగ ఫికర్ లేదు" అని వీధంతా చెప్పొచ్చింది. విభూది బుధవారంతో ఉపవాసకాలం మొదలైతే పెళ్ళిళ్ళు చెయ్యరు, అది రాకముందే పెళ్ళి అనుకున్నారు. ఎర్రగడ్డ దగ్గరి చర్చిలో ఫాదరు వరసగా మూడు ఆదివారాలు పేర్లు చదవాలి. ఫలానా వితంతువు సరోజమ్మకూ ఫలానా జేవియర్‌కూ పెళ్ళి జరగబోతోంది, అడ్డు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, అని. మొదటి ఆదివారం చదివారు. రెండో ఆదివారం చదివారు. రెండుసార్లూ సరోజమ్మ తల దించుకుని చీరకొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. నలభై ఏళ్ళ వయసులో సిగ్గేమిటని తన్ను తనే కసురుకుంది కూడా.

ఆ వారమే సముద్రం వెతుక్కుంటూ జూబ్లీ హిల్స్ వచ్చింది. ఎటు చూసినా రాళ్ళే ఉన్న ఆ గుట్టల మీద ఒక పెద్ద హోటల్లో సముద్ర పరిశోధన మీద అంతర్జాతీయ మహాసభట. సముద్రాన్ని గురించి మాట్లాడుకోవడానికి దానికి ఎంత దూరం జరిగితే అంత మంచిదనుకున్నారో ఏమో పెద్దలు. పాతిక దేశాలనుంచి శాస్త్రవేత్తలు వస్తున్నారు. సభతోపాటు జనం కోసం ఎగ్జిబిషనూ, అందులో తిప్పడానికి పావుగంట సినిమా ఒకటి. దానికి తెలుగు వ్యాఖ్యానం కావాలి. పెద్ద గొంతులెవరూ ఖాళీగా లేరు. జేవియర్ సరోజమ్మ పేరు చెప్పాడు. "ఆవిడ ఏడవకుండా మాట్లాడగలదా?" అని మేనేజరు అడిగాడట.

సరోజమ్మ పొంగిపోయింది. జన్మలో మొదటిసారి ఏడుపు లేని మాటలు. పైగా సభవాళ్ళు అచ్చువేసే పుస్తకంలో పేరు వేస్తామన్నారు. గురువారం ఉదయం తలంటుకుని, మంచి చీర కట్టుకుని వెళ్ళింది. శాస్త్రం మాటలు తప్పు పోకుండా చూడడానికి చలపతిరావుగారని విశాఖపట్నం సముద్ర శాస్త్రవేత్త ఒకాయన కాగితాలు పట్టుకుని ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెద్దమనిషి, నెమ్మదస్తుడు, దగ్గితే కూడా క్షమించమనే రకం.

డబ్బింగులో సినిమాను చిన్నచిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కను కొసకు కొస అతికించి చుట్టలా తిప్పుతారు. అదే లూపు. మాట కుదిరేదాకా అదే బొమ్మ మళ్ళీమళ్ళీ తిరుగుతుంది. మొదటి అయిదు లూపులూ చకచకా అయిపోయాయి. ఆరో లూపులో ఓడ మీదనుంచి మనుషులు మూతలు బిగించిన సీసాలు నీళ్ళలోకి విసురుతున్నారు. ప్రతి సీసాలో ఒక కార్డుంటుందనీ, దొరికినవాళ్ళు ఏ ఒడ్డున దొరికిందో రాసి పోస్టు చేస్తారనీ, అలా నీళ్ళ నడక తెలుస్తుందనీ ముందే చదివింది. ఇప్పుడు చదవాల్సింది ఇది:

"ఫిబ్రవరి, మార్చి నెలల్లో మన తీరం వెంట నీళ్ళు ఉత్తరానికి నడుస్తాయి. నవంబరులో అవే నీళ్ళు వెనుదిరిగి దక్షిణానికి నడుస్తాయి. నవంబరులో కృష్ణానది కలిసేచోట వదిలిన సీసాల్లో ఒక్కటి కూడా ఉత్తరాన దొరకలేదు."

మొదటి వాక్యం చదివింది. రెండోదీ చదివింది. మూడోదాని మధ్యలో ఆగిపోయింది.

"ఇంకోసారండీ," అన్నాడు జేవియర్ అద్దం అవతలనుంచి.

ఓడ మళ్ళీ వచ్చింది, సీసాలు మళ్ళీ పడ్డాయి. సరోజమ్మ మళ్ళీ అక్కడే ఆగింది. ఏడుసార్లు తిరిగింది ఆ లూపు. ఏడుసార్లూ నవంబరు రావడం, ఆవిడ ఆగిపోవడం. కాస్త ఆగుదామని జేవియర్, రికార్డింగు జరుగుతోందని చెప్పే ఎర్రబల్బు ఆర్పాడు. బొమ్మ ఆగింది.

చలపతిరావుగారు మంచినీళ్ళ గ్లాసు అందించాడు. "మాటలు కష్టంగా ఉన్నాయామ్మా? మార్చి రాయమంటారా?"

"లేదండీ. ఒక సంగతి అడగొచ్చా సార్?"

"అడగండమ్మా."

"నాగాయలంక దగ్గర ఒక నావ ఖాళీగా కొట్టుకుపోతే, మూడు వారాల్లో భీమిలి చేరుతుందాండీ?"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఉత్సాహంగా ముందుకు వంగాడు. తన చదువులోంచి ఎవరైనా ఒక ప్రశ్న అడిగితే ఆయన లాంటివాళ్ళకు పండుగే. "చేరుతుందమ్మా, భేషుగ్గా. ఫిబ్రవరిలోనో మార్చిలోనో అయితే ఇంకా ముందే చేరుతుంది."

"నవంబరులో అండీ."

"నవంబరా?" ఆయన వెనక్కి వాలాడు. "అయితే కుదరదు. నీళ్ళు దక్షిణానికే, గాలీ ఈశాన్యంనుంచే. రెండూ కిందికే తోస్తాయి. ఏ మద్రాసు వైపో తేలాలి తప్ప భీమిలి పోదు. ఎవరో తీసుకెళ్ళి ఉంటారమ్మా. ఏ మరపడవ వెనకో కట్టుకుని పోయి, అక్కడ వదిలేసి ఉంటారు."

"ఖాళీ నావ దానంతటది..."

"పోదమ్మా. మీరు నన్నడగక్కర్లేదు, ఆ ఒడ్డున చేపలు పట్టే ముసలమ్మనడిగినా చెబుతుంది. మేం ఇన్ని సీసాలు పడేసి తెలుసుకున్నది వాళ్ళకి పుట్టుకతోనే తెలుసు." ఆయన చిన్నగా నవ్వాడు. "ఇంతకీ ఎవరి నావమ్మా అది?"

"తెలిసినవాళ్ళదండీ," అంది సరోజమ్మ.

ఎనిమిదోసారి ఎక్కడా తడబడకుండా చదివేసింది. చాలా బాగా వచ్చిందని చలపతిరావుగారు మెచ్చుకున్నాడు. జేవియర్ మాత్రం ఓకే అని ఒక్కమాట అని, టేపు మార్చే నెపంతో వెనక్కి తిరిగాడు.

ఇంటికి వెళ్ళి గోడకానుకుని కూర్చుంది. కౌసల్య పెళ్ళిచీర జాకెట్టు కుట్టడానికి ఆది జాకెట్టు అడిగితే తలనొప్పని చెప్పింది. శుక్రవారం అన్నం వండలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. చించుకోకపోతే మాత్రం ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంటుంది. మొగుడు బతికుంటే ఇంకో పెళ్ళి చర్చిలో చెల్లదు. బతికుండొచ్చని తెలిసినది ఇప్పుడు తనొక్కదానికే. తను నోరు మూసుకుంటే మూడో ఆదివారం కూడా మొదటి రెండింటిలాగే గడిచిపోతుంది. సోమవారంనుంచి ఇద్దరికి ఎసరు పెట్టుకోవచ్చు. ఆశ పడింది, చాలా ఆశ పడింది. ఆ శాస్త్రవేత్త పొరపాటు పడి ఉండకూడదా అని శనివారం మధ్యాహ్నం ఎగ్జిబిషనుకు వెళ్ళింది.

హోటలు హాలు నిండా జనం. కోట్లు వేసుకున్న తెల్లవాళ్ళు, జపానువాళ్ళు, బడిపిల్లల బారులు. ఒక గోడంతా బంగాళాఖాతం పటం. ఏ నెలలో వదిలిన సీసా ఎక్కడ తేలిందో నెలకో రంగు దారంతో, గుండుసూదులతో గుచ్చిపెట్టారు. నవంబరుకు ఎర్రదారం. సరోజమ్మ ముక్కు ఆనించేంత దగ్గరకు వెళ్ళి కృష్ణ దగ్గర మొదలైన ఒక్కో ఎర్రదారం వెంటా వేలు పోనిచ్చింది. అన్నీ కిందికే. ఒక్కటన్నా పైకి పోదా అని మళ్ళీ మొదటినుంచి చూసింది. పక్కగదిలో తన సినిమా తిరుగుతోంది. పావుగంటకోసారి తన గొంతే, నిబ్బరంగా, "ఒక్కటి కూడా ఉత్తరాన దొరకలేదు" అని చెబుతోంది. కాదనడానికి వేరే గొంతు లేదు.

అప్పుడు అత్తగారు గుర్తొచ్చింది. ఉత్తరం వచ్చిన రోజు అన్నమ్మ వాకిట్లో కూలబడి పెట్టిన శోకం. ఇన్నేళ్ళూ సరోజమ్మ చెవుల్లో ఉన్న మొదటి ఏడుపు అదే, తన ఏడుపులన్నిటికీ మాతృక అదే అనుకునేది. పటం ముందు నిలబడి దాన్ని మొదటినుంచి మళ్ళీ విన్నది. ఊపిరి లోపలికి పోలేదు. ఎక్కడా పోలేదు. తిన్నగా బయటికే వచ్చింది.

అన్నమ్మ పుట్టిందీ పెరిగిందీ ఆ ఒడ్డునే. నవంబరులో నీళ్ళు ఎటు పోతాయో ఆవిడకు తెలియకనా? ఆ పెద్దలందరికీ తెలియకనా? పరాయి ఊరి పిల్ల, సముద్రం ముఖం ఎరగని పిల్ల, మొగుడొదిలేసినది అనిపించుకోవడం కంటే మొగుడు పోయినది అనిపించుకోవడం మేలని పాలెమంతా ఒక్క నోటితో అబద్ధమాడింది. జాలిపడే ఆడింది. ఆ జాలికి సరోజమ్మ ఒళ్ళంతా మండిపోయింది. కొడుకు ఎక్కడున్నాడో కూడా ఆ తల్లికి తెలుసేమో. అడుగుదామంటే ఉప్పెన ఒక్కళ్ళనీ మిగల్చలేదు. పదిహేడు కొవ్వొత్తులు పెట్టింది తను, ఎవరిదో సమాధి మీద, ఎక్కడో ఇస్త్రీచొక్కా వేసుకుని తిరుగుతున్న మనిషికి.

సినిమా గదిలో సౌండ్ చూస్తున్నది జేవియరే. ఆట మధ్య విరామంలో బయటికొచ్చి ఆవిణ్ణి చూసి ఆగాడు. ఇద్దరూ హోటలు వెనక మెట్ల మీద, రాళ్ళగుట్టకు ఎదురుగా నిలబడ్డారు.

"జేవియర్‌గారూ, మీకొకటి చెప్పాలి."

"చెప్పకండి," అన్నాడతను.

ఆవిడ తలెత్తి చూసింది.

"బల్బు ఆర్పాను గానీ టేపు ఆపలేదండీ. మైకు తెరిచే ఉంది. మొత్తం విన్నాను." కళ్ళెత్తకుండా చెప్పాడు. "ఆ ముక్క చెరిపేశాను. ఆ పెద్దాయన రేపు విశాఖపట్నం వెళ్ళిపోతాడు, ఆయనకు మీరెవరో తెలియదు. మీరు చెప్పకపోతే నేను చెప్పను. పదిహేడేళ్ళయింది, ఆయన ఎక్కడో పోయే ఉండొచ్చు."

"ఉండొచ్చు."

"మరింకేంటండీ?"

"పోయాడని చెప్పేవాళ్ళు కావాలి కదండీ. ఒకసారి అందరూ కలిసి చెప్పారు, నమ్మాను. ఇప్పుడు మనిద్దరం కలిసి చెప్పుకోవాలా? మీ ఇంట్లో రోజూ మీకు ఎదురుగా కూర్చుని అన్నం తింటూ, మీకు తెలుసని నాకు తెలిసి, నాకు తెలుసని మీకు తెలిసి... నా వల్ల కాదండీ. ఆ పాలెంలో అందరూ నా ఎదుట అలాగే కూర్చున్నారు."

లోపలినుంచి ఎవరో పిలిస్తే రెండోసారి పిలిచేదాకా జేవియర్ కదల్లేదు. తరువాత లోపలికి వెళ్ళాడు.

సాయంత్రం సరోజమ్మ బస్సెక్కి ఎర్రగడ్డ వెళ్ళి ఫాదరుగారికి జరిగింది జరిగినట్టు చెప్పింది. బిషపుగారి మేత్రాసనానికి రాసి విచారణ చేయిద్దాం, ఏళ్ళు పట్టొచ్చు, దొరికితే దొరుకుతాడు లేకపోతే లేదు, అన్నారాయన. వద్దంది. వెతికించి ఏం లాభం, తిరిగి చూసుకునేంత మనిషి కాదు తను అతనికి, ఆ సంగతి మాత్రం స్పష్టంగా తెలిసిపోయింది. మూడో ఆదివారం ఆ రెండు పేర్లూ చదవలేదు. చదవలేదేమని చర్చిలో నలుగురూ వెనక్కి తిరిగి చూశారు. కౌసల్య అడిగి అడిగి, "ఏమైందక్కా, జర చెప్పు" అని బతిమాలి, ఆఖరికి కుట్టని జాకెట్టు గుడ్డ మడతపెట్టి తెచ్చి ఇచ్చింది. రెంటికీ చెడ్డ రేవడిలా అటు వితంతువూ కాక, ఇటు పెళ్ళికూతురూ కాక, గదిలో మిగిలింది సరోజమ్మ. మహాసభవాళ్ళు అచ్చువేసిన పుస్తకం పోస్టులో వచ్చింది. చివరిపేజీలో అడుగున పేరు వేశారు, "శ్రీమతి సరోజమ్మ" అని. ఆ శ్రీమతి అన్న మాటను చాలాసేపు చూస్తూ కూర్చుంది.

రెండు వారాలు పోయాక థియేటరు మనిషి వచ్చి ఒక ఏడుపుందని చెప్పాడు. వెళ్ళింది. మొగుడి శవం మీద పడి హీరోయిన్ ఏడ్చే లూపు. అద్దం అవతల జేవియర్ తలూపాడు, ఈవిడా తలూపింది. ఎర్రబల్బు వెలిగింది. మొదటిసారికే ఓకే అయిపోయింది. ఎప్పుడూ అంతే.

బొమ్మ ఆగింది. తెర తెల్లగా మిగిలింది. సరోజమ్మ చెప్పులు వేసుకోబోయి, వేసుకోలేక మైకు ముందే నిలబడిపోయింది. ఊపిరి లోపలికి పోయింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు, తీరా వచ్చాక ఆగలేదు. ఎర్రబల్బు ఇంకా వెలుగుతూనే ఉంది. అద్దం అవతల హెడ్‌ఫోన్లలో ఆ ఊపిరి విన్న జేవియర్ చటుక్కున తలెత్తాడు. లేచి రాబోయి, ఆగాడు. మేనేజరూ, డైరెక్టరూ తన వెనకే కూర్చుని ఉన్నారు.

చెయ్యి చాచి మైకు కట్టేశాడు. టేపు కూడా ఆపాడు. బల్బు ఆరిపోయింది. తరువాత హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, వెనకవాళ్ళతో ఏదో మాట్లాడుతూ వాళ్ళను బయటికి తీసుకుపోయాడు. ఇవతల ఆ గదిలో సరోజమ్మ ఏడుస్తూనే ఉంది. ఆ ఒక్క ఏడుపూ ఎవరికీ వినిపించలేదు.